మణికట్టు నొక్కాం, కళ్ళు చూడలేదు



కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ చదవకుండా మాత్రం వదిలెయ్యకండి. మనవాళ్ళు చాలామంది రాజమండ్రి, కాకినాడ, ఏలూరు హాస్టళ్ళలో ఉంటున్నారు. మా రూములో జరిగింది రేపు మీ రూములోనూ జరగొచ్చు.

మేము నలుగురం. రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం. ఇద్దరిది మారేడుమిల్లి వైపు, ఒకడిది చింతూరు వైపు, ఇంకొకడిది వై.రామవరం పైన కొండల్లో. ముగ్గురం కొండరెడ్లం, ఒకడు కోయ. మా నాలుగు ఇళ్ళలోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. అందుకే ఏ సంగతి వచ్చినా నలుగురం కలిసే తేల్చుకుంటాం. ఈ పోస్టు టైపు చేస్తున్నది ఒక్క చెయ్యే అయినా జరిగింది అందరికీ కాబట్టి "మేము" అనే రాస్తున్నాం. మాలో టీబీ వచ్చినవాణ్ణి ఇక్కడ చిన్నోడు అంటాం. వాడు మొత్తం చదివి "పెట్టండ్రా, ఇంకోడికైనా పనికొస్తుంది" అన్నాకే పెడుతున్నాం.

కార్తీకమాసంలో మొదలైంది దగ్గు. గోదారి గాలి, మంచు, రోడ్డు మీద దుమ్ము అనుకున్నాం. మెడికల్ షాపులో సిరప్ కొన్నాం. సాయంత్రం అయ్యేసరికి వాడికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా చెమటతో తడిసిపోయేది. ఫ్యాంటు నడుం మీద నిలవక తాడు కట్టుకునేవాడు, మేము నవ్వేవాళ్ళం. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలని గోడ మీద రాసి ఉన్న బోర్డు ముందు నుంచే రోజూ కాలేజీకి వెళ్ళేవాళ్ళం. అది మనకోసం రాశారని మాకు తట్టలేదు.

డిసెంబరు మొదట్లో సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు డబ్బీలిచ్చి కఫం తెమ్మన్నారు. మిషన్ పరీక్షలో టీబీ అని తేలింది. మామూలు మందులకి లొంగే రకమే అని కూడా అందులోనే తెలిసింది. బరువు చూస్తే 46 కిలోలు. 35 నుంచి 49 కిలోల వాళ్ళకి రోజుకి మూడు మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. మొదటి రెండు నెలలు ఈ నాలుగూ, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ. డోసుల లెక్కలో 56, తర్వాత 112. మొత్తం 168. మాకు ముగ్గురికీ ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు.

హాస్టల్లో తెలిసేసరికి ఒక్కొక్కరి మొహం ఒక్కోలా మారింది. వాడి కంచం వేరే పెట్టారు. కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల టీబీ అంటుకోదు, దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే తుంపర వల్ల అంటుకుంటుంది అని ఆసుపత్రిలో చెప్పిన మాట మేము చెప్తే ఎవరు వింటారు? కొన్నాళ్ళు ఇంటికెళ్ళి రమ్మన్నారు. అక్కడి పీహెచ్‌సీలో మందులందేలా టీబీ సెంటరు వాళ్ళే ఏర్పాటు చేశారు. చిన్నోడు సంచీ సర్దుకుని బస్సెక్కాడు.

18 రోజుల తర్వాత తిరిగొచ్చాడు. దగ్గు తగ్గింది, జ్వరం లేదు. మేము సంతోషపడ్డాం. ఆ రాత్రి వాడి సంచిలోంచి పుస్తకాలు తీస్తుంటే మాత్రల అట్టలు బయటపడ్డాయి. లెక్కేశాం. 21 మాత్రలు మిగిలి ఉన్నాయి. అంటే ఏడు రోజులు వేసుకోలేదు.

"ఏంట్రా ఇది?" అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. పొద్దున్నే పరగడుపున మూడు మాత్రలూ ఒకేసారి మింగేవాడు. అరగంటకి కడుపులో తిప్పడం మొదలు. నోట్లో నీళ్ళూరి, డోకొచ్చి, గుమ్మం దాటకముందే వాంతి. మధ్యాహ్నం దాకా అన్నం వాసన పడదు. అది చూసిన వాళ్ళమ్మ మూడో రోజే "ఈ మందు నీ ఒంటికి సరిపడట్లేదయ్యా, మానెయ్" అంది. మన ఊళ్ళలో మందంటే రెండు రోజుల్లో తేలిక చెయ్యాలి. ఉన్నదానికంటే ఎక్కువ బాధపెట్టేది మందెలా అవుతుందని ఆమె అడిగిన ప్రశ్నకి వాడి దగ్గర జవాబు లేదు. ఒకరోజు వేసుకోవడం, ఒకరోజు దాచెయ్యడం చేశాడు.

మేమేమో వాళ్ళమ్మ మాటకి నవ్వాం. "అమ్మకేం తెలుసురా, చదువుకోలేదు" అన్నాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మర్నాడు వాణ్ణి టీబీ సెంటరుకి తీసుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పించాం. తిడతారని భయపడ్డాం, తిట్టలేదు. మానేసిన డోసులు కలిపి ముందుకి లెక్కేశారు. మాస్కు వేసుకోమని, కిటికీలు తెరిచి ఉంచమని చెప్పారు. వాంతుల సంగతి చెప్తే అక్కడి సిస్టరు, "పరగడుపున పడకపోతే రాత్రి కొంచెం తిని, పడుకునే ముందు వేసుకో. మూడూ ఒక్కసారి మింగకు. ఒక్కోటి, చిన్న గుక్కలతో. గ్యాస్ మందు నీ అంతట నువ్వు కొని తాగకు, కొన్ని రకాలు ఈ మందుని ఒంటికి పట్టనివ్వవు" అంది. అంత చిన్న మాట మొదటి రోజే అడిగి ఉంటే ఏడు రోజులు పోయేవి కావు.

ఇక మణికట్టు సంగతి.

చింతూరు నుంచి మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి వచ్చే బస్సు మీరు ఎక్కే ఉంటారు. ఆ ఘాట్‌రోడ్డు మలుపుల్లో సగం బస్సు కవర్లు పట్టుకుని కూర్చుంటుంది. మనవాళ్ళు నిమ్మకాయ వాసన చూస్తారు, చింతపండు చప్పరిస్తారు. మొదటి సంవత్సరంలో ఒకసారి మాలో ఒకడు అలా కిటికీకి వేలాడుతుంటే, పక్క సీట్లో ఉన్న నర్సింగ్ చదివే అక్క వాడి చెయ్యి లాక్కుని మణికట్టు కింద బొటనవేలితో నొక్కి పట్టుకుంది. ఆ అక్కదీ చింతూరు వైపే. "మూడు వేళ్ళు కొలువు, రెండు తాళ్ళ మధ్య నొక్కు" అని నేర్పింది. మారేడుమిల్లి వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు. అప్పటినుంచి ఆ బస్సెక్కితే మా చేతులు వాటంతటవే మణికట్టు మీదికి పోతాయి.

ఆ అక్కకి ఫోన్ చేశాం. "టీబీ మాత్రల వికారానికి ఇది పనిచేస్తుందా అక్కా?" అని అడిగాం. "వికారం వికారమే కదరా, నొక్కి చూడండి, నష్టం లేదు. కానీ మాత్ర మానొద్దు, డాక్టరుకి చెప్పడం మానొద్దు" అంది. రెండో వాక్యం మేము సగమే విన్నామని తర్వాత తెలిసింది.

ఎలా నొక్కాలో చెప్తాం. అరచెయ్యి పైకి పెట్టుకోండి. మణికట్టు దగ్గర చెయ్యి మడిచే గీత ఉంటుంది కదా, ఆ గీత దగ్గర నుంచి మోచేతి వైపు మీ రెండో చేతి మూడు వేళ్ళు అడ్డంగా పెట్టండి. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు. ఉంగరంవేలు గీతని ఆనుకుని ఉండాలి. ఇప్పుడు చూపుడువేలి పక్కన, చెయ్యి మధ్యలో, బొటనవేలు ఆనించండి. పిడికిలి బిగిస్తే అక్కడ రెండు తాళ్ళలాంటివి పైకి లేస్తాయి. మనం నరాలు అంటాం గానీ అవి కండరాన్ని ఎముకకి కట్టే తాళ్ళు. ఆ రెంటి మధ్య పల్లమే చోటు. పిడికిలి వదిలేసి, గట్టిగా, కానీ నొప్పి పుట్టకుండా, చిన్నగా గుండ్రంగా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు నొక్కాలి. తర్వాత రెండో చెయ్యి. ఎవరికి వాళ్ళు కూడా నొక్కుకోవచ్చు.

ఇదెక్కడి విద్య అని వెతికాం. చైనా వైద్యంలోది. ఆ చోటుని వాళ్ళు నెయ్‌గువాన్ అంటారు, లోపలి ద్వారం అని అర్థం. డాక్టర్లు పి-6 అని రాస్తారు. సూది గుచ్చితే ఆక్యుపంక్చర్, వేలితో నొక్కితే ఆక్యుప్రెషర్. మనదేశానికి వచ్చిన దారి కూడా బాగుంటుంది. 1938లో చైనా మీద జపాను యుద్ధం చేస్తున్నప్పుడు మన దేశం నుంచి అయిదుగురు డాక్టర్లు సాయానికి వెళ్ళారు. అందులో సోలాపూర్‌కి చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయాడు. కలకత్తాకి చెందిన బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చి, 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఈ సూదుల వైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు.

దీన్ని నమ్మకం మీద వదిలెయ్యలేదు, పరీక్ష పెట్టి చూశారు. 1980లలో ఐర్లాండు ఉత్తరాన బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అనే మత్తుమందు ప్రొఫెసరు ఆపరేషన్ల తర్వాత వచ్చే వాంతుల మీద, గర్భిణుల వేవిళ్ళ మీద ఈ చోటుని పరీక్షించాడు. 2015లో కాక్రేన్ అనే సంస్థ ఆపరేషన్ తర్వాతి వాంతుల మీద జరిగిన 59 పరీక్షలు, ఏడున్నర వేలకి పైగా మనుషుల లెక్కలు ఒక్కచోట పెట్టి చూసింది. ఉత్తుత్తిగా వేరేచోట నొక్కినవాళ్ళ కంటే ఈ చోట నొక్కినవాళ్ళలో వికారం సుమారు మూడో వంతు తక్కువగా కనిపించింది. ఇవన్నీ ఆపరేషన్ అయినవాళ్ళ లెక్కలు. టీబీ మాత్రల వికారం వేరు. అది ఒకరోజు ఉండి పోయేది కాదు, రోజూ మాత్రతో పాటే వస్తుంది. ఈ తేడా కూడా గుర్తుపెట్టుకోండి.

మేము గోడకి డ్యూటీ చార్ట్ అంటించాం. రాత్రి ఎనిమిదిన్నరకి వాడు కొంచెం అన్నం తింటాడు. తొమ్మిదికి మొదటి మాత్ర, కాసేపాగి రెండోది, ఇంకాసేపాగి మూడోది. ఆ రోజు డ్యూటీ ఉన్నవాడు వాడి పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంటాడు. రెండు మూడు నిమిషాలు అన్నాం గానీ నిజానికి అరగంట కూర్చునేవాళ్ళం. చదువుకునేది పైకి చదివేవాళ్ళం, వాడు కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ సెమిస్టరులో వాడి మార్కులు మాకంటే మెరుగ్గా వచ్చాయి, అది వేరే సంగతి.

నోటుబుక్కులో రాసుకున్నాం. మొదటి వారం ఏడు రాత్రుల్లో మూడు రాత్రులు వాంతి అయింది. రెండో వారంలో ఒక్కసారే. వికారం పూర్తిగా పోలేదు, కానీ వాడు దాన్ని దాటగలిగాడు. ఇందులో మణికట్టు వాటా ఎంత, రాత్రికి మార్చడం వాటా ఎంత, పక్కన మనిషి కూర్చోవడం వాటా ఎంత అని విడగొట్టి చెప్పమంటే చెప్పలేం. ఒక్కటి మాత్రం ఖాయం. చెయ్యి ఒకడి చేతిలో ఉండగా మాత్ర దాచెయ్యడం కుదరదు.

సంక్రాంతికి అందరం ఊళ్ళకెళ్ళాం. మాలో ఒకడిది చిన్నోడి ఊరికి దగ్గరే కాబట్టి కనుమనాడు వాళ్ళింటికెళ్ళాడు. వాళ్ళమ్మ పక్కకి పిలిచి, "బాబూ, వీడి కళ్ళు చూడు, బాగోలేదు. పచ్చగా ఉన్నాయి. కూడు ముట్టట్లేదు" అంది. మావాడు చూశాడు. చీకటిపడే వేళ, పొయ్యి వెలుగు. "ఏంలేదమ్మా, ఆ మాత్రలు ఒంట్లో అన్నీ ఎర్రగా చేస్తాయి, ఉచ్చ కూడా ఎర్రగానే వస్తుంది, డాక్టర్లు ముందే చెప్పారు" అన్నాడు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ ఎరుపులో వస్తుందన్నది నిజమే. ఆ నిజం పట్టుకుని ఆమె నోరు మూయించాం.

హాస్టలుకి తిరిగొచ్చాక వికారం మళ్ళీ మొదలైంది. ఈసారి మాత్ర వేసుకున్నాక కాదు, పొద్దున లేచినప్పటినుంచి. మెస్సులో పప్పు తాలింపు వాసనకే లేచి వెళ్ళిపోయేవాడు. కుడివైపు డొక్క కింద బరువుగా ఉందనేవాడు. మెట్లెక్కితే కూర్చుండిపోయేవాడు. మేమేం చేశాం? ఇంకా గట్టిగా నొక్కాం. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, రాత్రొకసారి. మూడో రోజుకి మణికట్టు కమిలి నీలంగా అయింది. "సరైన చోట నొక్కట్లేదేమో" అని ఫోనులో వీడియోలు చూసి చోటు వెతికాం. వాడి మొహం మాత్రం చూడలేదు.

నాలుగో రోజు ఉదయం అక్కకి వీడియో కాల్ చేశాం, చోటు సరిగ్గా చూపించమని. ఆ అక్క మణికట్టు చూడలేదు. "వాణ్ణి డాబా మీదికి తీసుకెళ్ళండి. ఎండలో నిలబెట్టి కింది రెప్ప లాగి కళ్ళు చూపించండి" అంది. ట్యూబులైటు కింద మా నలుగురి కళ్ళూ ఒకేలా ఉన్నాయి. ఎండలోకి తీసుకెళ్ళేసరికి తెల్లగా ఉండాల్సినచోట పసుపు. మాకే తెలిసిపోయింది. అక్క ఒక నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "రాత్రి మాత్ర వెయ్యొద్దు. ఇప్పుడే, ఈ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వికారం కడుపు నుంచి వస్తోందనుకుని నొక్కుతున్నార్రా. అది లివరు చెప్తున్న మాట" అంది.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఈ మూడూ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎక్కువమందికి అలా జరగదు. మాత్రలు మొదలుపెట్టిన తొలి రోజుల్లో వచ్చే వికారం చాలావరకు కడుపుదే, మెల్లగా సర్దుకుంటుంది. కానీ తగ్గిన వికారం మళ్ళీ తిరగబెట్టినా, ఆకలి పూర్తిగా చచ్చిపోయినా, నీరసం, కుడివైపు నొప్పి, కళ్ళు పచ్చబడటం వీటిలో ఏది కనిపించినా అది మణికట్టుతో తేలేది కాదు, రక్తపరీక్షతో తేలాలి. కామెర్లలో మూత్రం ముదురు రంగులో వస్తుంది. కానీ ఈ మందు వాడేవాళ్ళకి మొదటి రోజు నుంచీ రంగు మారే ఉంటుంది కాబట్టి ఆ గుర్తు మనల్ని మోసం చేస్తుంది. అందుకే కళ్ళు చూడాలి, అదీ ఎండ వెలుగులో.

రక్తం తీశారు. కాలేయం బాగా వాచిందన్నారు, చేర్చుకున్నారు. టీబీ మందులన్నీ ఆపారు. డాక్టరు గారు అడిగారు, "పండక్కి ఏమన్నా తాగావా?" అని. ఒక దొప్ప జీలుగు కల్లు తాగాడు. పెద్దవాళ్ళు పోస్తే కాదనలేకపోయాడు. "ఈ ఒక్క దొప్ప వల్లే అని నేను అనను. కానీ ఈ మందులు నడిచే ఆరు నెలలూ కాలేయం మీద ఇంకో బరువు పెట్టకూడదు" అన్నారు. మన పండగల్లో కల్లు పెద్దల గౌరవం, తెలుసు. ఆరు నెలలు వద్దని చెప్తే మన పెద్దలు అర్థం చేసుకోరా? వాళ్ళకి చెప్పాల్సింది మనమే.

వాళ్ళమ్మ వచ్చింది. ఆమె రాజమండ్రి రావడం అదే మొదటిసారి. ఘాట్‌రోడ్డంతా వాంతులు చేసుకుంటూ వచ్చిందట. వార్డులోకి వచ్చేసరికి నిలబడలేకపోతోంది. మంచం మీద పచ్చటి కళ్ళతో ఉన్న చిన్నోడు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి తీసుకుని, మూడు వేళ్ళు కొలిచి నొక్కాడు. ఆమె ఏడుస్తూ, "నేనే మానెయ్యమన్నాను, నా నోరే తగిలింది" అంది. డాక్టరు గారు విని, "మందు మానెయ్యమనడం తప్పమ్మా. కానీ బిడ్డ ఒంటికి ఏదో తేడా చేసిందని ముందు చూసింది నువ్వే. ఆ మాట నా దాకా రావాల్సింది" అన్నారు.

ఆ మాట డాక్టరు గారి దాకా రాకుండా మధ్యలో ఆపింది మేమే. చదువుకున్న నలుగురం. ఆమె అక్షరం చదవలేదు, కళ్ళు చదివింది. మేము కాక్రేన్ లెక్కలు చదివాం, కళ్ళు చదవలేదు. క్షమించమని అడిగితే, "మీరు లేకపోతే వాడు ఆ మందు ఎప్పుడో పారేసేవాడయ్యా" అంది. ఆ మాటతో మాకు ఇంకా బాధేసింది.

రెండు వారాలకి కాలేయం కుదుటపడింది. తర్వాత మందులు ఒక్కొక్కటే, రక్తపరీక్ష చూసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చుని మేము ఒక సంగతి తెలుసుకున్నాం. ఒకప్పుడు టీబీ అంటే మనుషుల్ని ఇంటికి దూరంగా పంపేసేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం అలాంటిదే, నెలల తరబడి అక్కడే ఉండాలి. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. కొందరు పేద రోగుల్ని శానిటోరియంలో, కొందర్ని ఇంటిదగ్గరే ఉంచి అవే మందులిచ్చారు. ఇంటిదగ్గరవాళ్ళకీ అంత బాగానే నయమవుతుందని 1959లో తేలింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇంటిదగ్గర వైద్యానికి మారింది. అప్పటి మందుల్లో పాస్ అనేది ఒకటి ఉండేది. దానికీ వికారం, వాంతులే పెద్ద గొడవ.

అంటే ఏంటంటే, ఇంటిదగ్గర వైద్యం అన్నప్పుడు నర్సు చేసే పని సగం ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది. మాత్ర వేసుకున్నాడా, తిన్నాడా, కక్కాడా, కళ్ళు ఎలా ఉన్నాయి అన్నది చూసేది పక్కన ఉన్నవాళ్ళే. మనలాంటి పిల్లలకి హాస్టల్ రూమే ఇల్లు. కాబట్టి ఆ చూపు రూమ్మేట్లదే. చెయ్యి పట్టుకోవడం ఆ పనిలో ఒక ముక్క. మేము ఆ ముక్కనే మొత్తం అనుకున్నాం.

మా అనుభవం నుంచి మీకు చెప్పేవి:

1. రెండు వారాలు దాటిన దగ్గుంటే సిగ్గుపడకుండా కఫం పరీక్షకి వెళ్ళండి. పరీక్షా, మందులూ సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

2. మాత్రలకి వికారం వస్తే మానెయ్యకండి, దాచకండి, టీబీ సెంటరులో చెప్పండి. వేళ మార్చుకోవచ్చు, కొంచెం తిని వేసుకోవచ్చు. మింగిన కాసేపటికే వాంతి అయితే మళ్ళీ వెయ్యాలా వద్దా అన్నది వాళ్ళనే అడగండి.

3. మణికట్టు నొక్కండి, మంచిదే. అది వికారానికి తోడు మాత్రమే. చెయ్యి కమిలేలా నొక్కాల్సి వస్తోందంటే అక్కడ ఆగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

4. వారానికి రెండుసార్లు ఎండలో కళ్ళు చూడండి. పసుపు కనిపిస్తే తర్వాతి డోసు వెయ్యకుండా ఆ రోజే ఆసుపత్రికి. చూపు మసకబారినా, రంగులు సరిగ్గా కనపడకపోయినా చెప్పాలి, అది ఇథాంబ్యుటాల్ వల్ల కావొచ్చు. మందు ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం డాక్టరు చెయ్యాల్సిన పని.

5. చికిత్స నడిచినన్నాళ్ళు తిండికి నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2018లో 500తో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఏజెన్సీ ప్రాంతం పేషంట్లకి ప్రయాణ ఖర్చు 750 రూపాయలు కూడా ఉంది. ఆధార్, పాస్‌బుక్ పట్టుకెళ్ళి అడగండి. చిన్నోడు ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కున్నాడు, మాకూ పెట్టాడు.

6. ఎవరిని అడగాలో తెలియకపోతే 1800-11-6666కి ఫోన్ చెయ్యండి. టీబీ గురించి అడగడానికి ఉచిత నంబరు.

ఇది రాసేసరికి చిన్నోడికి ఇంకా ముప్పై చిల్లర డోసులున్నాయి. బరువు 51 కిలోలు. వాంతులు లేవు. అయినా డ్యూటీ చార్ట్ గోడ మీద అలాగే ఉంది, రాత్రి తొమ్మిదికి ఎవడో ఒకడు వాడి పక్కన కూర్చుంటున్నాడు. ఒక మార్పు జరిగింది. చార్టులో "మణికట్టు" అని రాసి ఉన్న చోట పక్కన ఇంకో గడి గీసి "కళ్ళు" అని రాశాం. ఆదివారం, బుధవారం పొద్దున డాబా మీద చూస్తాం. చూశాక వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్తాం. ఆమె మా మాట ఊరికే నమ్మదు, "వీడియో పెట్టండయ్యా, నేనూ చూస్తాను" అంటుంది. పెడుతున్నాం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఏదో తేడాగా ఉందిరా" అంటే మాలా నవ్వకండి. ఆ మాటని ఆసుపత్రి దాకా మోసుకెళ్ళండి. మనం చదువుకుంటున్నది అందుక్కూడా.

జై ఆదివాసీ.